ముసలామెకు శనివారం నుంచి కొత్త నియమాలు

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఏది అంటించి ఉంటే అదే శాసనం. అత్తగారు అరవై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నది ఆ తలుపు మీదే. కోడలు ప్రతి సాయంత్రం నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో ముద్రించి తెల్లారేసరికి అక్కడ ఉండేట్టు చూసేది. అత్తగారు పొద్దున్నే ఫ్రిజ్ ముందు నిలబడి, వేలు పెట్టి గట్టిగా చదివి, చదివింది చదివినట్టు చేసేవారు. ఒకసారి "మూడు తువ్వాళ్లు నానబెట్టాలి" అన్న కాగితం తీయడం మరిచిపోతే, ఆ మూడు తువ్వాళ్లు నాలుగు రోజులు వరసగా నానాయి. నోటిమాటకు ఆవిడ ఎదురు చెప్పని రోజు లేదు. రాతకు మాత్రం ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

కోడలి ఉద్యోగం అత్తగారికి తెలిసినంతవరకు "పుస్తకాలు దిద్దడం". నిజానికి అదొక ఆట తయారుచేసే కంపెనీ. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతుంటే తక్కినవాళ్లు ఆ కథలో వీరులై, గుహల్లో దూరి, ఇరవై ముఖాల పాచిక వేసి రాక్షసులతో పోరాడతారు. ఏ రాక్షసికి ఎంత బలం, ఏ మంత్రపు వస్తువు ఏం చేస్తుంది అన్నదంతా ఒక లావుపాటి పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం రాసేది కోడలే. రాక్షసుల సంగతి అత్తగారి దగ్గర ఎత్తవద్దని మొగుడికి గట్టిగా చెప్పి ఉంచింది. "పెద్దావిడ, జడుసుకుంటారు" అనేది. అసలు కారణం వేరే ఉంది. అది ఆ గురువారం మధ్యాహ్నం బయటపడింది.

ఆ పొద్దున కోడలు హడావుడిలో ఉంది. ఆ పుస్తకానికి చేసిన సవరణలు పదిన్నరకి మేనేజరు ముందు పెట్టాలి. ఒంటిగంటకల్లా అవి అచ్చుకి వెళ్లాలి.

"ఏవండీ, ప్రింటరు మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫ్రిజ్‌కి, ఒకటి నా సంచిలోకి. చూసి పెట్టండి," అంది చెప్పులు వేసుకుంటూ.

"చూసే పెడతాలేవోయ్," అన్నాడు మొగుడు. చూశాడు కూడా, చేతిలోని ఫోన్‌ని. రెండు కాగితాలూ పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి. ఒకటి అత్తగారి చదువు కొత్తది కనుక, రెండోది మేనేజరు కళ్లద్దాలు పాతవి కనుక.

ఇద్దరూ ఆఫీసులకు వెళ్లిపోయాక అత్తగారు ఫ్రిజ్ ముందు నిలబడ్డారు.

"ముసలామె ఇకపై రెండు గదులకు కాపలా ఉండదు. ఒక గది చాలు. ఎన్నిసార్లయినా శపించవచ్చునన్న పాత నియమం రద్దు. ఇకపై రోజుకు మూడు శాపాలు మాత్రమే. తెల్లవారకముందే అందరినీ లేపే గుణం తొలగించడమైనది. ఆమె బలమంతా తాళాలగుత్తిలో ఉంది. మొదట దాన్ని తీసుకోవాలి. ముగ్గురు మూడు వైపుల నుంచి వస్తే ఆమెను గదిలోంచి వెళ్లగొట్టవచ్చు. శనివారం నుంచి అమలు."

అత్తగారి వేలు కాగితం మీదే ఆగిపోయింది. తన చదువు కొత్తది కదా, తప్పు చదివానేమోనని మళ్లీ చదివారు. అయిదుసార్లు చదివినా గది పోయింది, తాళాలు పోయాయి. పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డారు.

ఆ ఇంటికి వచ్చి నలభై రెండేళ్లు. పడుకునే గదీ, దాన్ని ఆనుకున్న సామాన్ల గదీ ఆవిడ రాజ్యం. ఇప్పుడు ఏ గది తీసేస్తారో కూడా రాయలేదు. రాత అయితే రాతే. అప్పటికే ఆ పొద్దున పాలవాణ్ణి ఒకసారి, పక్కింటి కుక్కను ఒకసారి తిట్టి ఉన్నారు. అంటే ఇవాళ్టికి ఇక ఒకటే మిగిలింది.

పొదుపుగా వాడుకోవాలనుకుంటూ ఫోన్ తీసి రెండు వీధుల అవతలున్న అక్కగారిని పిలిచారు.

అక్కగారు పావుగంటలో వచ్చి వాలింది. ఆవిడకు చదువు రాదు. చెల్లెలు చదివి వినిపిస్తుంటే నోరు తెరుచుకుని వింది.

"మా కోడలు నోటితో అంటుందే. మీ కోడలు రాసి అంటించింది. చదువుకున్న పిల్ల మరి! సంతకం ఉందా?"

"లేదక్కా."

"సంతకం లేకపోతే చెల్లదే!"

"కింద 'ఆఖరి ప్రతి' అని ఉంది."

అక్కగారు కూడా ఒక పీట లాక్కుని కూర్చుంది. "ఇంకేం మిగిలింది! ముందు ఆ తాళాలు దాచు."

అత్తగారు నడుముకున్న తాళాలగుత్తి తీసి పిండిడబ్బాలో అడుగుకంటా కూరారు. మోచేతిదాకా పిండి అంటుకుంది. కడుక్కుందామని కుళాయి దగ్గరకు వెళుతూ కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయారు. ముందు గేటు దగ్గర ఒకడు బకెట్లు, చీపుళ్లతో నిలబడ్డాడు. పక్క సందులోంచి ఇంకొకడు భుజాన తాడుచుట్టతో వస్తున్నాడు. మూడోవాడు అప్పుడే వెనకగోడకు నిచ్చెన ఆనిస్తున్నాడు. గడియారం పది కొట్టింది.

"అక్కా... ముగ్గురు. మూడు వైపులు."

"శనివారం అన్నావుగా?"

"ముందే వచ్చేశారు."

"పనివాళ్లు చెప్పిన రోజుకంటే ముందు రావడం నా జన్మలో చూడలేదే!" అంది అక్కగారు. అంతదాకా ఆవిడకు కొంత అనుమానం ఉండేది. ఆ మాటతో పూర్తిగా భయం పట్టుకుంది.

ఇద్దరూ పడకగదిలో దూరి గడియపెట్టి, మంచం జరిపి తలుపుకి అడ్డంపెట్టి, మంచం మీద కూర్చున్నారు.

వచ్చింది నీళ్ల ట్యాంకు కడిగేవాళ్లు. వాళ్లకు కావలసింది డాబా తలుపు తాళం. పెద్దతను లోపలికి వచ్చి, ఎవరూ కనబడక, మాటలు వినిపించిన గది తలుపు మర్యాదగానే తట్టాడు.

"అమ్మగారూ, తాళాలివ్వండి. తాళాలిచ్చేస్తే మా పని మేం చేసుకుని పోతాం."

లోపల అక్కచెల్లెళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ఎవరు పంపారు మిమ్మల్ని?" అంది అక్కగారు.

"మేడంగారే ఫోన్ చేశారమ్మా. పైనంతా ఖాళీ చేసి, అడుగున ఏళ్ల తరబడి పేరుకుపోయింది మొత్తం గోకి పారేయమన్నారు."

"ఏళ్ల తరబడి పేరుకుపోయింది అంటే నువ్వేనే," అంది అక్కగారు గుసగుసగా.

అత్తగారు ఇక ఆగలేకపోయారు. మిగుల్చుకున్న ఆ ఒక్కటీ బయటికి తీశారు. "మీ తాడు తెగ! మీ నిచ్చెన విరగ!"

"రెండయ్యాయే!"

"ఒక్క ఊపిరిలో అన్నాను. ఒకటే లెక్క."

ఆ మాట పూర్తయిందో లేదో, వెనకవైపు ఫెళ్లుమని చప్పుడైంది. నిచ్చెన రెండో మెట్టు విరిగి మూడోవాడు నేలమీద చతికిలబడ్డాడు. దెబ్బ తగల్లేదు గాని, విరిగిన మెట్టుకేసి, ఆ గదికేసి మార్చి మార్చి చూస్తూ, లేవడం మరిచిపోయాడు.

అదే సమయానికి ఆఫీసులో ఆరుగురు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. మేనేజరు కళ్లద్దాలు తుడుచుకుని, సవరణల కాగితం అందుకుని గంభీరంగా చదివాడు.

"పాలు రెండు ప్యాకెట్లు. మోకాలి మాత్ర మరవవద్దు. ట్యాంకు కడిగేవాళ్లు ముగ్గురు పదింటికి తప్పక వస్తారు. అడగగానే తాళాలు ఇవ్వాలి. వాళ్లు వెళ్లేదాకా ఎవరూ నీళ్లు ముట్టుకోకూడదు."

తక్కినవాళ్లు కలాలు తీశారు.

"మోకాలి మాత్ర కొత్త మంత్రపు వస్తువా?" అన్నారు ఒకరు రాసుకుంటూ.

"ఈ ట్యాంకు కడిగేవాళ్లు బాగున్నారు," అన్నాడు మేనేజరు. "ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పకపోవడంలోనే ఉంది భయమంతా. ఒక్కొక్కరికి ఎన్ని తలలు?"

కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈ కాగితం ఇక్కడుంటే, ఆ కాగితం ఎక్కడున్నట్టు? ఇంతలో ఫోన్ మోగింది.

"మేడం, మీ ఇంట్లో పెద్దావిడ మా నిచ్చెన విరగ్గొట్టారండీ."

"నిచ్చెన విరగ్గొట్టారా? దేంతో?"

"నోటితోనండీ."

కోడలు మొగుడికి ఫోన్ చేస్తూనే పరుగెత్తింది. ఒంటిగంటకు అచ్చుకి వెళ్లవలసిన కాగితం ఆ ఇంట్లో ఉందని తెలిసి మేనేజరు కూడా వెనకే బయలుదేరాడు.

వాళ్లు చేరేసరికి కొడుకు తలుపు దగ్గర నిలబడి బతిమాలుతున్నాడు.

"అమ్మా, తలుపు తియ్యవే."

"ముందు చెప్పరా. నువ్వు ఎవరి వైపు?"

"నేను... మధ్యలో ఉన్నానమ్మా."

"మధ్యలో ఉండేది గుమ్మంరా, కొడుకు కాదు!" అంది అక్కగారు లోపల్నుంచి.

అప్పుడు తలుపు కిందనుంచి ఒక కాగితం ముక్క మెల్లగా బయటికి జారింది. కోడలు వంగి తీసుకుంది. పెన్సిలు రాత. పిండి మరకలు. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతున్నాయి.

"గది ఇవ్వను. తాళాలు ఇవ్వను. పొద్దున లేపను. తిట్లు మూడే."

రెండేళ్లుగా చదువు చెబుతున్నా, అత్తగారు సొంతంగా ఒక్క వాక్యం రాయగా కోడలు చూడలేదు. మొదటిసారి రాసింది ఇదీ.

"అత్తయ్యా, అది మీ గురించి కాదు. కాగితాలు తారుమారయ్యాయి. అది... ఆటలో ఉండే ఒక రాక్షసి గురించి. మా పుస్తకంలోది."

లోపల మంచం జరిగిన చప్పుడు. తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకుంది.

"రాక్షసా?"

"అవునత్తయ్యా. గుహలో ఉంటుంది."

"గుహలో ఉండేదానికి తాళాలగుత్తి ఎందుకు?"

కోడలు చేతిలోని పెన్సిలు కాగితాన్ని మడతలు పెట్టసాగింది.

"తెల్లవారకముందే లేపుతుందా అందరినీ?"

"...లేపుతుంది."

"దానికి మోకాలినొప్పి కూడా ఉందా?"

"ఎడమ మోకాలు," అంది కోడలు నేలచూపులు చూస్తూ.

తలుపు బార్లా తెరుచుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, కోడలిని తల నుంచి కాళ్లదాకా చూశారు. గది పోతుందన్నప్పుడు కూడా ఆవిడ మొహం అంత చిన్నబోలేదు.

"ఇంటిగుట్టు గుహకెక్కించావుటే!" అంది అక్కగారు.

కొడుకు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు.

"నవ్వకండి. మీరు నూట పన్నెండో పేజీలో ఉన్నారు," అంది కోడలు. "ఎముకల్లేని జిగురుభూతం. ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం."

ఆ నవ్వు అక్కడే ఆగింది. అత్తగారు కళ్లు తుడుచుకుని ఏదో అనబోయారు. అంతలో వెనకనుంచి మేనేజరు ముందుకు వచ్చాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈవిడేనా?" అన్నాడు మెల్లగా. "గుహలో ముసలామె... ఈవిడేనా?"

"ఎవరయ్యా నువ్వు?"

"అమ్మా, ఆరునెలలుగా నలభై బల్లల దగ్గర ఈ ఆట ఆడించి చూశామండీ. పుస్తకంలో నిప్పులు కక్కే డ్రాగన్ ఉంది, మూడుతలల పాము ఉంది. అన్నీ చచ్చాయి. మీరొక్కరే చావలేదు. ఎంత పెద్ద కత్తులతో వచ్చినవాళ్లయినా మీ గది దాటి వెళ్లలేకపోయారు. ఆడేవాళ్లు ఉత్తరాలు రాసి ఏడుస్తున్నారు. అందుకే మీ బలం తగ్గించమని నేనే చెప్పాను."

అత్తగారు కోడలివైపు చూశారు. కోడలు తలూపింది.

"డ్రాగన్ కూడా చచ్చిందా?"

"రెండో వారంలోనేనండీ."

అత్తగారు చేతికున్న పిండి కొంగుతో తుడుచుకున్నారు.

"వాళ్లకు చేతకాకపోతే నేనెందుకయ్యా తగ్గడం?"

అత్తగారు ఫ్రిజ్ మీది కాగితం తెప్పించి, పీట మీద కూర్చుని, పెన్సిలు పట్టుకున్నారు. ఒక్కొక్క నియమం వేలు పెట్టి గట్టిగా చదవడం, కొట్టేయడం. గదులు రెండూ నిలిచాయి. శాపాలకు లెక్కలేదు. తెల్లవారకముందే లేపే గుణం దగ్గర కొడుకు ఏదో గొణిగాడు. ఆ తొలగింపు రెండు గీతలతో కొట్టివేయబడింది.

"మోకాలు మాత్రం తీసెయ్యమ్మాయ్. అది బయటివాళ్లకెందుకు?"

"తీసేస్తానత్తయ్యా."

"అమ్మా, అచ్చుకి ఇంకో అరగంటే ఉంది," అని వేడుకున్నాడు మేనేజరు. "ఏదో ఒక దారి ఉంచండి. మిమ్మల్ని అసలు గెలవలేరంటే పుస్తకం ఎవరు కొంటారు?"

అత్తగారు పెన్సిలు చివర కొరుకుతూ చాలాసేపు ఆలోచించారు. తరవాత కాగితం అడుగున ఖాళీలో, ఒక్కొక్క అక్షరమే, కోడలు పక్కన నిలబడి చూస్తుండగా రాశారు.

"తలుపు కొట్టి, అత్తయ్యా అని పిలిచి, నెమ్మదిగా అడిగితే తాళాలు ఇస్తుంది."

మేనేజరు అది రెండుసార్లు చదివాడు. ఆరునెలల్లో, నలభై బల్లల దగ్గర, ఆ పని చేసినవాడు ఒక్కడూ లేడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అచ్చాఫీసుకు పరుగెత్తాడు.

"అత్తయ్యా," అంది కోడలు నెమ్మదిగా, "డాబా తాళం ఇస్తారా? ట్యాంకు కడిగేవాళ్లు ఉన్నారు."

అత్తగారు పిండిడబ్బాలోంచి గుత్తి తీసి, దులిపి, ఆమె చేతిలో పెట్టారు. కాని కోడలు బయటికి వెళ్లి చూసేసరికి విరిగిన నిచ్చెన తప్ప అక్కడెవరూ లేరు. రేపు పదింటికి తప్పక వస్తామని సందుచివర నుంచి అరిచి ముగ్గురూ వెళ్లిపోయారు.

రెండునెలలకు పుస్తకం వచ్చింది. అత్తగారు ముందు తన పేజీ చదువుకుని, తరవాత అక్కగారికి చదివి వినిపించి, ఆ తరవాత పేజీ తిప్పి ఆగిపోయారు. మేనేజరు ఆ రోజు చూసిన రెండో కాగితాన్నీ వదల్లేదు. ట్యాంకు కడిగేవాళ్లు, ముగ్గురు, పదింటికి తప్పక వస్తారు.

డాబా మీద ట్యాంకు ఆ రోజుకీ కడగలేదు. అత్తగారు ఆ వాక్యం వేలు పెట్టి రెండోసారి చదివి, పుస్తకం మూసేశారు.

"రాక్షసులున్నారంటే నమ్ముతాను గాని, ఇది మాత్రం మరీ కట్టుకథ."