సీసా మీద పేరు

ఆదివారం పదింటికి ఊరి హోటల్లో సభ. జిల్లా నాయకుడు వచ్చి, మేయరు పదవికి పార్టీ అభ్యర్థిగా లియోపోల్డ్ పేరు ప్రకటించాలి. పన్నెండేళ్లుగా ఆ పెద్దమనిషి కాచుక్కూర్చున్న ఘడియ అది.

మా ఊళ్లో ఎవరి ఓటు ఎటో తెలియడానికి సర్వేలు అక్కర్లేదు. ఆప్రికాట్ జామ్‌ను ఏమంటారో వింటే చాలు. తాతలనాటి ‘మార్మెలాడ’ అన్నవాళ్లది లియోపోల్డ్ పార్టీ. ఆ పేరు నారింజ, నిమ్మ జాతికే చెల్లుతుందనీ, మిగతావి అమ్మితే ‘కోన్‌ఫిట్యూర’ అనాలనీ యూరప్ కూటమి బ్రస్సెల్స్ నుంచి కబురుపెట్టింది. సరేనని అలా పిలిచేవాళ్లది టీచరమ్మ రోస్‌విత పార్టీ.

"పోల్డీ, పై అరలోని జామ్ సీసాలు సభకు పట్టుకెళ్లు. కింది వాటి జోలికి పోకు" అని చెప్పి లియోపోల్డ్ భార్య హెర్మీనె చర్చికి వెళ్లింది. గడ్డం గీసుకుంటూ ఉపన్యాసం వల్లెవేస్తున్న ఆయన చెవికి ‘కింది’ ఒక్కటే ఎక్కింది. కింది అరలోని సీసాల పెట్టెలు విప్పకుండానే బండెక్కించాడు.

సభలో బ్రెడ్డూ సీసాలూ బల్లలకెక్కాయి. లియోపోల్డ్ ఒక సీసా పైకెత్తాడు. "మా ఆవిడ వండినదాన్ని ఏమనాలో బ్రస్సెల్స్ చెప్పాలా? ఏం రాసుందో చదవండర్రా!"

ముందు వరసలో ఫెర్డినాండ్ కళ్లజోడు సవరించుకున్నాడు. "కోన్‌ఫిట్యూర."

వెనక వరసలో ఒకడు లేచాడు.

"ఎప్పుడు దూకావురా అవతలికి?"

"అచ్చుతప్పురా!" అన్నాడు లియోపోల్డ్.

"చేత్తో రాసినదానికి అచ్చుతప్పేంటి? అదీ యాభై సీసాల మీద!"

పక్కగదిలో కాఫీ తాగుతున్న టీచరమ్మ పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అభినందనలు లియోపోల్డ్ గారూ! మీకింత ధైర్యం ఉందనుకోలేదు."

జిల్లా నాయకుడు ప్రకటన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది హెర్మీనె. "కిందివి ముట్టుకోవద్దన్నానా? పైవి నిరుటివి, మన పళ్లవి. ఈ ఏడు మన తోటంతా మంచుకు మాడిపోయిందిగా! ఇవి ఇటలీ పళ్లు. మన చెట్టుకు కాసినదానికి తప్ప ‘మార్మెలాడ’ అని ఎలా రాస్తానయ్యా?"

"అదీ మాటంటే!" జిల్లా నాయకుడు లేచి చప్పట్లు కొట్టాడు. కాగితం జేబులోంచి బయటికొచ్చింది, లియోపోల్డ్ పేరు మైకులో మోగింది. ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. కుర్చీలో కూలబడి భార్యకు దణ్ణం పెట్టాడు. జనం హాయిగా బ్రెడ్డు మీద పడ్డారు.

"ఏ పండుకు ఏ పేరో నియమం పెట్టింది కదా ఈవిడ, బ్రస్సెల్స్ చేసిందీ అదేగా?" అంది టీచరమ్మ.

జనం ఇంకో బ్రెడ్డు ముక్కకు చెయ్యి చాపారు. అందరి నోళ్లలోనూ ఇటలీ ఉంది.