ఎర్రయ్య వదిలి వెళ్లిన హ్యాంగోవర్

గరికిన ఎర్రయ్య చనిపోయిన పన్నెండో రోజున, అతని హ్యాంగోవర్‌ను రద్దు చేయించడానికి భార్య పైడితల్లి మండల కార్యాలయానికి వెళ్లింది. మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు, రెండు ఫొటోలు పట్టుకెళ్లింది.

మనిషి పోయినా అది పోలేదు. రోజూ పొద్దున ఆరింటికల్లా వచ్చి పైడితల్లి నెత్తిన కూర్చుంటోంది. తనకైతే పర్వాలేదు. వచ్చే నెల కూతురు గౌరి పెళ్లి. అది ఆ పిల్ల వెంటపడి అత్తారింటికి పోతుందేమోనని ఆమె భయం.

గుమాస్తా ప్రసన్నకుమార్ మంచివాడు. ముందు కూర్చోమన్నాడు.

"రద్దు కుదరదమ్మా. ఇంగ్లీషులో ఆ మాటకు మొదట్లో తాగుడుతో పనే లేదు. పాతకాలం నుంచి తెగకుండా మిగిలిపోయిన దేన్నయినా అలా అనేవారు. తాగిన మర్నాటి తలనొప్పికి ఆ పేరు తర్వాత తగిలించారు."

"తాగినోడే పోనాక ఇంకేటి మిగుల్తాది బాబూ?"

"వాళ్లు పోయాకేనమ్మా తెలిసేది" అంటూ అతను రిజిస్టరు తీశాడు. ఎర్రయ్య పేరు మీద ఏమీ లేదు. ఇరవై మూడేళ్ల కిందట, పెళ్లయిన మర్నాడే, అది పైడితల్లి పేరున ఎక్కింది.

ఆమెకు కోపం రాలేదు, సిగ్గేసింది. నిజమే, రాత్రి ఎంత తాగినా ఎర్రయ్య తెల్లారేసరికి ఈల వేసుకుంటూ లేచేవాడు. తలకు గుడ్డ బిగించుకుని చేపల గంప ఎత్తింది తనే. పొయ్యి పొగ పడటం లేదనుకుంది ఇన్నాళ్లూ.

"మా అమ్మ పేరూ ఇందులోనే ఉంది, ముందు పేజీల్లో" అన్నాడు గుమాస్తా మెల్లగా. "మీ తర్వాత ఇది ఎవరికి పోవాలో ఇక్కడ రాయాలి."

"కొడుకున్నాడు, అప్పన్న."

"మగవాళ్ల పేర్లు ఇందులో ఎక్కవమ్మా. రాసి చూశాం, సిరా అంటదు."

"కాళీగా ఒగ్గేస్తే?"

"దగ్గర్లో ఉన్న ఆడపిల్లకు దానంతటదే పోతుంది."

పైడితల్లి చాలాసేపు ఆలోచించింది. బయట వరసలో నిలబడ్డ ఆడవాళ్లెవరూ తొందరపెట్టలేదు.

"అక్కడ కూడా నా పేరే రాసీ బాబూ."

ప్రసన్నకుమార్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. "రాయొచ్చు. కాకపోతే, అలా రాశాక మీరు చచ్చిపోకూడదు."

"సావడానికి నాకు తీరికెక్కడిది బాబూ" అని పైడితల్లి వేలిముద్ర వేసింది.