జిగురాకుల హత్యకేసు

"నేను ఛేదించలేని కేసు ఇంకా పుట్టలేదు, ఇకమీదట పుట్టదు కూడా," అన్నాడు బావ, మేడమెట్లు తడబడుతూ ఎక్కుతూ. అక్క మొగుడు కాబట్టి నేను తలూపాను.

మా పిన్ని సైన్సు టీచరుగా రిటైరైంది. నాలుగేళ్లుగా మేడమీద పురుగుల్ని తినే మొక్కలు పెంచుతోంది. ఆకుల నిండా ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసనా ఒక జిగురు చుక్క. వాలిన దోమ మళ్లీ లేవదు. విత్తనం నుంచి పిల్లల్లా సాకిన ఆ మొక్కలు నెలరోజులుగా ఒక్కొక్కటే నల్లబడి చచ్చిపోతున్నాయి. పన్నెండింటిలో మూడే మిగిలాయి. పిన్ని సరిగ్గా భోంచెయ్యడం లేదని బాబాయి ఫోన్ చేస్తే వచ్చాం.

బావ ఆకు తాకాడు. వేలికి జిగురు సాగింది. వాసన చూడబోతే ముక్కుకీ అంటింది.

"నరరూప రాక్షసుడు ఆధారం వదిలేశాడు. ఈ చుట్టుపక్కల జిగురుతో పని ఎవరికి?"

"పక్కింటి బైండింగ్ ఆయనకి," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అల్లుడుగారూ, ఆ జిగురు మొక్కదేనండీ," అంది పిన్ని.

"హంతకుడు మీచేత అలాగే అనిపిస్తాడు అత్తయ్యగారూ."

బైండింగ్ ఆయన్ను పిలిపించి, "పోయిన నెల ఎక్కడున్నారు?" అని నిలదీశాడు.

"నెలంతానా?"

"చూశావా, తడబడుతున్నాడు."

పిన్ని సిగ్గుతో చచ్చిపోయి ఆయనకి కుర్చీ వేసింది. ఆయనకి మాత్రం ఇదంతా సరదాగా ఉన్నట్టుంది, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నేరస్థుడు నేరస్థలానికి తిరిగొస్తాడు," అంటూ బావ వాననీళ్ల డ్రమ్ముకీ గోడకీ మధ్య దూరి మాటు వేశాడు. ఆ మొక్కలకి పిన్ని వాననీళ్లు తప్ప పోయదు. కుళాయి నీళ్లలోని ఉప్పు వాటికి విషం. పావుగంటకి బావకి కాలు తిమ్మిరెక్కింది. లేవబోతూ చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అది కుళాయి. గిర్రున తిరిగింది. గోడవెంట ఉన్న గొట్టంలోంచి నీళ్లు బుడబుడమంటూ డ్రమ్ములో పడ్డాయి.

పిన్ని నివ్వెరపోయింది. "ఇందులోకి కుళాయి గొట్టం ఎవరు పెట్టారు?"

మాతోపాటే మేడెక్కిన బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వానల్లేవు కదా. డ్రమ్ము అడుగంటితే నువ్వు దిగులుపడతావని, రోజూ కాస్త నింపుతున్నా."

పిన్ని డ్రమ్ములోకి తొంగిచూసింది. తర్వాత నవ్వొచ్చేసింది. "వాన లేకుండా డ్రమ్మెలా నిండుతోందో నాకూ తట్టలేదు చూడండి. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను. పదండి, డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుందాం. ఆ మూడైనా బతుకుతాయి."

"ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. నేను పట్టాను," అన్నాడు బావ డ్రమ్ము వెనకనుంచి.

"చాలా సంతోషం. ముందు బయటికి రండి అల్లుడుగారూ."

"అదే, రాలేకపోతున్నానండీ."

నేనో చెయ్యి, బైండింగ్ ఆయనో చెయ్యి పట్టుకుని లాగాం.