గట్టు మీది ఉమ్మెత్తకు ప్రభుత్వ లాంఛనాలు

"ప్రకృతి రంగంలో మన ప్రభుత్వం సాధించిన తొలి హైబ్రిడ్ ఇదే" అని వ్యవసాయ మంత్రిగారు అద్దంకి దగ్గర నా చేలో నిలబడి ప్రకటించారు. అంతటి మాట నా గట్టు మీద పుట్టడం నా అదృష్టం.

నిజానికి ఆయన వచ్చింది నా పత్తి చూడటానికి. ఆయన బావమరిది వెంకటనారాయణ కొట్లో కొన్న గులాబిరంగు హైబ్రిడ్ గింజలు వేస్తే చేను నడుమెత్తు పెరిగింది, ఒక్క కాయా కాయలేదు. నష్టపరిహారం వస్తే తప్ప మళ్ళీ విత్తనం వేయలేను. ఆ మాట ఎత్తేలోపే మంత్రిగారి చూపు గట్టు మీది ఉమ్మెత్త పువ్వు మీద పడింది. అది తెలుపూ కాదు, ఊదా కాదు. రెండూ కలిసిన చారలు.

వెంట వచ్చిన బోటనీ లెక్చరర్ రెబెకా గారు వివరించారు. పక్కపక్కన మొలిచిన రెండు జాతుల ఉమ్మెత్తలను తేనెటీగలు కలిపాయట. కొత్త జాతులు ఒక్కోసారి ఇలాగే మొదలవుతాయట.

"ఎవరి పర్మిషన్‌తో కలిశాయి?" అన్నారు మంత్రిగారు.

"ఎవర్నీ అడగలేదండి."

"అంటే సింగిల్ విండో. మా పాలసీయే."

"కానీ ఇది గొడ్డు మొక్కండి" అంటూ ఆమె ముళ్ళకాయ పగలగొట్టి చూపించారు. లోపల ఒక్క గింజ లేదు.

"నెగిటివ్‌గా మాట్లాడకండి మేడమ్."

మర్నాటి నుంచి నా చేనుకు పట్టిన వైభవం చెప్పనలవి కాదు. పువ్వుకు కంచె, కంచెకు కానిస్టేబుల్. నన్ను దగ్గరికి రానివ్వలేదు గానీ తేనెటీగలను మాత్రం పాసు అడగలేదు. అభినందన సభకు షామియానా వేయాలని నా పత్తంతా పీకి, ట్రాక్టరుతో చదును చేశారు.

ఆ తర్వాత వ్యవసాయాధికారి త్రినాథ్ గారు పంటనష్టం రాసుకోవడానికి వచ్చారు.

"పంటేదమ్మా?"

"మీవాళ్ళే పీకేశారు కదయ్యా."

"పంటే లేకపోతే నష్టం ఎక్కడి నుంచి వస్తుంది?"

ఎంత చదివితే ఆ తెలివి వస్తుందో అనుకున్నాను.

మంత్రిగారిది మాత్రం జాలిగుండె. సభలో నన్ను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, పరిహారం బదులు ఆ పువ్వు విత్తనాల ప్యాకెట్ చేతిలో పెట్టారు. ప్యాకెట్ మీద ఉమ్మెత్త పక్కన ఆయనే నవ్వుతున్నారు.

"వేసుకోండమ్మా. వచ్చే ఏడు చేనంతా ఇదే పూస్తుంది."

ముందు వరుసలో రెబెకా గారు తల వంచుకున్నారు. ప్యాకెట్ ఊపి చూశాను. గలగలమంది. గొడ్డు మొక్కకు ఇన్ని గింజలు ఎలా కాశాయో చూడాలని అక్కడే చింపి అరచేతిలో పోసుకున్నాను.

గులాబిరంగు పత్తి గింజలు. నేను వేసినవాటిలాంటివే.

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతిలో గింజలుండటంతో చప్పుడు సరిగా రాలేదు.