గేర్‌బాక్సుకు పాఠం

ఆ ఉదయం మొక్కల కొట్టాయన అనుకున్నది ఒక్కటే: ఆసుపత్రి నుంచి భార్యను ఏ కుదుపూ తగలకుండా ఇంటికి తీసుకురావాలి. వెన్నుకు ఆపరేషన్ అయిన మనిషి. టాక్సీ పిలుస్తానంటే ససేమిరా అంది. "మన బండి ఉండగా ఎవరి బండో ఎందుకండీ?" అంది. ఆ మన బండి ఓ పాత డీజిల్ పికప్. పేరుకు ఆటోమేటిక్కే గానీ, గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టుండేది. అందుకని మెకానిక్ బామ్మర్దిని బతిమాలి, పాత గేర్‌బాక్సు దింపించి, అంతకన్నా గట్టిది, మెత్తగా మారేది వేయించాడు.

"బావా, ఇది మొదట్లో నీ కాలి తీరు చూసి నేర్చుకుంటుంది. నువ్వు మెత్తగా తొక్కితే ఇదీ మెత్తగా మారుతుంది," అన్నాడు బామ్మర్ది.

"ఎంత మెత్తగా?"

"మా అక్క పక్కన కూర్చుందనుకుని తొక్కు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మనవాడు ధ్యాస చెదరకుండా ఫోను నోరు నొక్కేశాడు. ఆవిడ చూసి మురిసిపోవాలని బండి వెనక నిండా పూసిన చామంతి కుండీలు పేర్చాడు. యాక్సిలరేటర్ మీద పాదం ఆనీ ఆనకుండా ఉంచి బయల్దేరాడు. నడిచి వెళ్ళేవాళ్ళు బండిని దాటిపోతున్నారు. "నేర్చుకో తల్లీ, నేర్చుకో," అని దాన్ని బుజ్జగించాడు.

రోడ్డు ఇరుకు. వెనక ఒక కారు చేరింది, తర్వాత బస్సు, ఆ తర్వాత లెక్కలేనన్ని. ముందు పూల బండి, వెనక బారులు తీరిన వాహనాలు. చూసినవాళ్ళు పొరబడడంలో వింతేమీ లేదు. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. కూడలిలో పోలీసు అడ్డొచ్చే బళ్ళన్నీ ఆపి, టోపీ తీసి దారిచ్చాడు. లోకంలో ఇంకా ఇంత మర్యాద ఉందా అని మనవాడి గుండె నిండిపోయింది. నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపాడు.

"దుఃఖంతో మతి చలించినట్టుంది, పాపం," అన్నారెవరో.

బస్సులో ఉన్న పక్కింటావిడ బండిని గుర్తుపట్టి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. "వదినా, మీ బండి శవయాత్రలో ముందు పోతోంది. నడిపేదెవరో ఇక్కణ్ణుంచి కనపడట్లేదు. అన్నయ్యగారు కులాసాయే కదా?"

ఆసుపత్రిలో ఉన్న భార్య ఆయనకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇక ఎందుకు ఎత్తడం లేదో ఆమె మనసే తేల్చేసుకుంది.

తీరా బండి ఆసుపత్రి గేటు చేరేసరికి, ఒక్కో అడుగూ ఆచితూచి వేయాల్సిన మనిషి కాళ్ళకు చెప్పులైనా లేకుండా మెట్లు దిగి పరుగున వస్తోంది. వెనక ఇద్దరు నర్సులు. ఆయన కిందికి దిగాడో లేదో, రెండు చేతులా చొక్కా పట్టుకుంది.

"ఉన్నారా? మీరు ఉన్నారా?"

"ఉన్నానే! అయ్యో, పరిగెత్తావేంటే? కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పాడు కదా!"

"ఈ జన్మకు సరిపడా కుదిపేశారు కదండీ," అని ఆయన గుండెల మీద తల పెట్టి ఏడ్చేసింది. ఎందుకో తెలియకుండానే ఆయనా ఏడ్చాడు.

డాక్టరు మళ్ళీ పరీక్ష చేసి, వెన్ను భేషుగ్గా ఉందన్నాడు. ఇంత చక్కగా పరిగెత్తే మనిషిని ఇంకా ఆసుపత్రిలో ఉంచుకోవడం బాగుండదని పంపించేశాడు.

దారిలో ఆవిడ భర్త భుజానికి తల ఆనించి కూర్చుంది. వీధి మలుపు రావడానికే చాలాసేపు పట్టింది.

"కాస్త తొక్కండి. ఇల్లు చేరేలోపు కుట్లు మానిపోయేలా ఉన్నాయి."

ఆయన భయపడుతూనే తొక్కాడు. గేరు మారింది, ఆ సంగతి ఇద్దరికీ తెలియలేదు.