జానెడు చింతకు కుండ

ఆ ఉదయం రాజమౌళికి ఒక్కటే పని: బోన్సాయ్ చింతచెట్టుకు కుండ తేవడం. జానెడు చెట్టు. భార్య సావిత్రి పోతూ విడిచివెళ్ళింది అదొక్కటే. వేర్లు ఒత్తి పాత పింగాణీ గిన్నె పగిలింది. ఎండ ముదిరేలోగా కొత్త మట్టిలో పెట్టకపోతే చెట్టు దక్కదు. అక్క చిలుకమ్మ పరకాల వెళ్ళింది. ఆ సంగతి వాడలో ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ మనుషులూ లేరు.

కుమ్మరి దగ్గర లోతు కుండలే ఉన్నాయి. రాజమౌళి ఒకటి తీసుకుని అడుగున బెజ్జం కొట్టించాడు. నీళ్ళు పోసి చూశాడు. అవి పూర్తిగా కారకముందే, ఆటో కుదుపులకు భయపడి, కుండను భుజాన పెట్టుకుని నడిచాడు.

వీపున చల్లగా నీళ్ళు జారుతుంటే ఎండ తెలియలేదు. ఆ జానెడు చెట్టు కింద చీమంత మంచం వేసుకుని సావిత్రి పడుకున్నట్టు, ఆమె మీద చింతపూలు రాలుతున్నట్టు కనిపించింది. రోడ్డు కనిపించలేదు.

ఎదురొచ్చిన వాడలోని వెంకటయ్య చెప్పులు విడిచాడు. భుజాన కొత్త కుండ, అడుగున బెజ్జం, కారే నీళ్ళు. శ్మశానానికి తప్ప ఎవరూ అలా మోయరు.

"ఎప్పుడాయెనే, మౌళన్నా?"

"పొద్దుగాల లేచి చూసేసరికి అట్ల ఉన్నది. ఎండ ముదరకముందే మట్టిల వెట్టాలె."

వెంకటయ్య నిట్టూర్చి వెనకబడ్డాడు. ఆ ఇంట్లో ఇంకా ఉన్నది చిలుకమ్మ ఒక్కతే. ఫోన్ తీశాడు.

రాజమౌళి చేరేసరికి ఇంటి ముందు షామియానా లేస్తోంది. డప్పులు మోగుతున్నాయి. పక్కింటి సమ్మమ్మ గడపలో కూర్చుని ఏడుస్తోంది.

"ఎవలు పోయిన్రు, సమ్మమ్మా?"

"కుండ నువ్వే తెస్తివి, నన్నడుగుతానవా? తలుపుకు తాళమేస్తివి. ఆఖరుకు అక్క మొఖమన్న చూడనియ్యవా?"

"ఇది చింతచెట్టుకు తెచ్చిన."

"దుఃఖంల ఉన్నడు, ఏం మాట్లాడుతాండో," అన్నారెవరో జాలిగా.

అప్పుడే పరకాల ఆటో దిగింది చిలుకమ్మ. డప్పులు విన్నది. షామియానా చూసింది. ఆ ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే. "తమ్ముడా, నాకంటె ముందుగాల పోతివా," అని రొమ్ము కొట్టుకుంటూ జనాన్ని తోసుకుని వచ్చి, ఆ తమ్ముడికే గుద్దుకుంది. కుండ జారి పగిలింది.

డప్పులు ఆగాయి. కుండ పగిలాక వెనక్కి తిరిగి చూడకూడదు. బతికున్న ఇద్దరినీ అక్కడే వదిలి, ఒకరి వెంట ఒకరు, వెనక్కి చూడకుండా అందరూ వెళ్ళిపోయారు.

కుండ అడుగు మాత్రం పగలలేదు. నడుమ బెజ్జంతో, పళ్ళెంలా వాకిట్లో పడి ఉంది.

"గంత లోతుది దానికెందుకురా? గిది సరిపోతది," అని చిలుకమ్మ తాళం తీయించి, చెట్టును తెచ్చి అందులో నిలబెట్టి మట్టి అద్దింది. అరచేయంత నీడ పడింది. రాజమౌళి దాన్ని చాలాసేపు చూశాడు.

సావిత్రి పోయిననాడు ఇవాళ వచ్చినవాళ్ళలో సగం మంది కూడా రాలేదు.