పగిలిన అద్దానికి బాధ్యులెవరు?

“ఈ ఆసుపత్రిలో బాధ్యులు దొరకని తప్పంటూ ఉండదు!” అని డైరెక్టర్ స్పాసొయె గారు ప్రకటించేశారు. ఆ మాటకు దక్షిణ సెర్బియాలోని ఆ సర్కారు ఆసుపత్రి గోడలు కంపించాయి. అవి మామూలుగానే కంపిస్తుంటాయి లెండి.

ఇంత ప్రతిజ్ఞకు కారణం రదోయ్‌కా. ఆమె మొగుడు వీతోమీర్ నిమోనియాతో కింది అంతస్తు వార్డులో పడున్నాడు. తలాపున ఉన్న కిటికీకి అద్దం లేదు. బయట మంచు. దుప్పటి, మందులు, సూదులు, ఆఖరికి చెంచా కూడా ఇంటినుంచే మోసుకొచ్చిన రదోయ్‌కా, అద్దం ఒక్కటి మాత్రం ఆసుపత్రినే వేయించమంది. ఎంత అత్యాశ!

విచారణ సంఘం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు వార్డులో కాలు పెట్టారో లేదో “బాబోయ్, గాలి!” అంటూ మెడలకు మఫ్లర్లు చుట్టేసుకున్నారు. ఆ దేశంలో మనిషి పీకల్దాకా తాగొచ్చు, పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు ఊదెయ్యొచ్చు. కిటికీకీ తలుపుకీ మధ్య దూసుకుపోయే గాలికి మాత్రం ఎదురు నిలవకూడదు. మెడ పట్టడం దగ్గర్నుంచి మరణం దాకా అన్నిటికీ ఆ గాలే కారణమని పసిపిల్లల్నడిగినా చెబుతారు.

“అద్దం ఎవరు వేయాలి?” అన్నారు అధ్యక్షులవారు.

“కొనిస్తే వేస్తాం” అంది మరమ్మతుల శాఖ. “సంతకం పెడితే కొంటాం” అంది కొనుగోళ్ళ శాఖ. సంతకం పెట్టాల్సిన డైరెక్టర్ గారికి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.

అధ్యక్షులవారికి జ్ఞానోదయమైంది.

“కిటికీ ఒక్కటే తెరిచుంటే గాలి ఇలా దూసుకెళ్ళదు కదా! తలుపు కూడా తెరవాలి. ఎవరు తెరుస్తున్నారు?”

అందరూ సూపు గిన్నెతో నిలబడ్డ రదోయ్‌కా వైపు తిరిగారు.

“తలుపు తియ్యకుండా ఆయనకి సూపెట్లా పొయ్యమంటారు?” అందామె.

“చూశారా, ఒప్పేసుకుంది!”

ఇకమీదట రదోయ్‌కా వార్డు తలుపు ముట్టరాదని తీర్పు చెప్పారు. బాధ్యులు దొరికారు. ఆసుపత్రి మాట నిలబెట్టుకుంది!

మర్నాడు పొద్దున్నే హెడ్ నర్సు స్లావ్‌కా ఫోను చేసింది.

“ఏమ్మా, ఇంకా రాలేదేం? మందులైపోయాయి. మీ ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది!”

“నన్ను తలుపు ముట్టుకోవద్దన్నారుగా!”

“తలుపు వద్దన్నారు. కిటికీ వద్దనలేదుగా? త్వరగా రా తల్లీ!”

రదోయ్‌కా మోకాలిలోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి, అద్దం లేని చోటునుంచి మందులందించింది. ఆమెకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆమె కిటికీలోంచి మందులివ్వడం చూసి, పొడుగాటి వరండాల్లో తిరగలేక విసిగిన మిగతా రోగుల బంధువులు కూడా ఆ కిటికీ దగ్గరే వరస కట్టారు.

వారం తిరక్కుండా టీవీ వాళ్ళు దిగారు. డైరెక్టర్ గారు కిటికీకి కట్టిన రిబ్బన్ కత్తిరించి, “బంధువుల సౌకర్యార్థం ప్రత్యేక సేవా గవాక్షం!” అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. లోపల వీతోమీర్ దగ్గుతూనే ఉన్నాడు.

“అయ్యా, మరి అద్దం?” అని బయటనుంచి అరిచింది రదోయ్‌కా.

డైరెక్టర్ గారు నిజంగానే నొచ్చుకున్నారు.

“అద్దం వేయిస్తే మీ ఆయనకి మందులెలా వస్తాయమ్మా? కాస్త బాధ్యతగా మాట్లాడు!”